రెండో మనిషి కావాలి

(నంద్యాలలో మాస్టారి స్మారక సభలో చేసిన ఉపన్యాసం. అచ్చు కోసం అక్కడక్కడా సరిచేసిన పాఠం.)



మాస్టారి పేరు నా వెనక బ్యానర్ మీద పెద్ద అక్షరాల్లో ఉంది. నేను మాత్రం మాస్టారు అనే అంటాను. ఈ ఊళ్లో తండ్రులూ కొడుకులూ కూడా ఆయన్ని అలాగే పిలిచారు, నా నోటికి ఇంకో పిలుపు రాదు. స్మారకోపన్యాసమంటే ఆయన పాఠం చెప్పిన తీరు గురించో, ఆయన ప్రాణం పెట్టి చదివించిన పద్యాల గురించో చెప్పాలి. అది చెప్పగలిగిన శిష్యులు ముందు వరసలోనే కూర్చున్నారు. నేను ఫిజియోథెరపిస్టును. మాస్టారికి పక్షవాతం వచ్చి కుడి కాలూ చెయ్యీ పడిపోయాక ఆ ఇంటికి వెళ్లి వ్యాయామాలు చేయించినదాన్ని. నేనెరిగిన మాస్టారు మంచం మీది మాస్టారు. ఆ మంచం పక్కన ఎప్పుడూ ఇంకొకరు ఉండేవారు. పగలు కోడలు, రాత్రి మాస్టారి భార్య, మా అందరికీ అమ్మగారు. ఈ రోజు వాళ్ళ గురించి మాట్లాడతాను. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా, అటుపైన చాగలమర్రి దాకా నేను గడప తొక్కిన ప్రతి ఇంట్లో వాళ్ళలాంటివాళ్ళే ఉన్నారు. వాళ్ళ పేరున ఉపన్యాసాలు ఎవరూ పెట్టించరు. కోడలైతే ఇప్పుడు కూడా వెనక తలుపు దగ్గర నిలబడి టీ ఎంతమందికి చెప్పాలో లెక్క చూసుకుంటోంది.

పక్షవాతం వచ్చిన తొలి గంటల సంగతి రెండు మాటల్లో ముగిస్తాను, అది డాక్టర్లు చాలాచోట్ల చెబుతూనే ఉన్నారు. మూతి వంకర పోయినా, చెయ్యి లేవకపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి. రక్తనాళంలో గడ్డ అడ్డుపడిన రకమైతే దాన్ని కరిగించే ఇంజెక్షన్ 4.5 గంటల లోపు పడాలి. అంతకు ముందు స్కాన్ తీసి, నాళం చిట్లి రక్తం కారిన రకం కాదని తేల్చుకోవాలి. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు 40 కిలోమీటర్లు, కర్నూలుకు 100 దాటుతుంది. పొలం నుంచి ఇంటికి, ఇంటి నుంచి ఊళ్లో తెలిసిన ఆరెంపీ దగ్గరికి, అక్కడి నుంచి కారు మాట్లాడుకుని పెద్దాసుపత్రికి వచ్చేసరికి ఆ గంటలు దారిలోనే అయిపోతాయి. అలా అయిపోయినవాళ్ళ ఇళ్లకే నేను ఎక్కువగా వెళ్తాను.

ఆసుపత్రి నుంచి పంపించేటప్పుడు ఇంటివాళ్ళ చేతికి ఒక ఫైలు ఇస్తారు. అందులో స్కాన్ ఫిల్ములు, మందుల చీటీ, బిల్లులు, అడుగున 'ఫిజియో చేయించండి' అని ఒక ముక్క. అసలు పని ఇంటికొచ్చాక మొదలవుతుంది. రెండు గంటలకోసారి మనిషిని పక్కకు తిప్పాలి, లేకపోతే వీపున, మడమల దగ్గర పుండ్లు పడతాయి. ముక్కు గొట్టంలోంచి పాలు పోయాలి, పోసేముందు గొట్టం జారలేదని చూసుకోవాలి. మూత్రం సంచి నిండిందా, రంగు మారిందా చూడాలి. బీపీ మాత్ర మానకూడదు. రాత్రి నిద్రపట్టక పిలిస్తే పలకాలి. ఆసుపత్రిలో ఈ పనులకు మూడు షిఫ్టుల నర్సులుంటారు, వాళ్ళు ఏళ్ల తరబడి చదువుకుని వచ్చినవాళ్ళు. ఇంట్లో ఒక్క మనిషి, ఒకటే షిఫ్టు. ఆమె నిన్నటిదాకా వరినాట్లకు పోయేది.

ఆళ్లగడ్డలో ఒక శిల్పి ఇంటి సంగతి చెబుతాను. ఆళ్లగడ్డ శిల్పుల చేతి పని మీరంతా చూసే ఉంటారు, ఎక్కడెక్కడి గుళ్లకో ఇక్కడి నుంచే విగ్రహాలు లారీలకెక్కి పోతాయి. ఆయనకు కుడి చెయ్యి పోయింది, మాట పోయింది. ముక్కు గొట్టం తీసేసి నోటితో తినిపించమన్నారు. ఎలాగో ఎవరూ చేసి చూపించలేదు. ఆయన నీళ్లు తాగగానే పొలమారేది. నీళ్లు పల్చన కదా, సులువుగా దిగుతాయని అందరూ అనుకుంటారు. మింగే కండరాలు పట్టు తప్పినప్పుడు పల్చటిదే ప్రమాదం, గొంతు సర్దుకునేలోపే జారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక్కోసారి దగ్గు కూడా రాదు, నాలుగు రోజుల తరవాత జ్వరం వస్తుంది, న్యుమోనియా అంటారు. ఎవరికి ఎంత చిక్కగా ఇవ్వాలో చూసి చెప్పాల్సింది డాక్టరు. చెప్పించుకుని వచ్చాక ఆయన భార్య చేసిన పని నేను పక్కన కూర్చుని చూశాను. మొగుణ్ణి గోడకు ఆనించి నిటారుగా కూర్చోబెట్టింది. పడిపోయిన వైపు దిండు పెట్టింది. రాగి జావ చెంచా నుంచి ధారగా కారకుండా ముద్దగా జారేంత చిక్కగా కాచింది. చెంచాలో సగమే తీసుకుని ఎడమ చెంప వైపు నుంచి పెట్టింది. "గడ్డం దించు, దించి మింగు" అంది. ఆయన గొంతు ముడి పైకి లేచి దిగిందాకా కళ్లార్పకుండా చూసింది. రెండోసారి మింగమంది. అప్పుడు గానీ రెండో చెంచా ముంచలేదు. అన్నీ అయ్యాక చూపుడు వేలికి గుడ్డ చుట్టి కుడి బుగ్గలో దాక్కున్న జావ తీసేసింది, ఎందుకంటే అక్కడ మిగిలింది ఆయనకు తెలియదు. ఇంకో అరగంట పడుకోనివ్వలేదు. ఒక గిన్నెడు జావకు గంట పట్టింది. అదే పని పూటపూటకూ ఉంటుంది.

ఆ గంటలోనే బయట బైకు ఆగింది. విగ్రహానికి అడ్వాన్సు ఇచ్చినాయన. ఆమె చెంచా వదలకుండానే, "అన్నా, పని కాదు. మీ డబ్బులు వాపసిస్తాం, పత్తి అమ్మినాక అన్న వాళ్ళు సర్దుతామన్నారు, రవంత తాళు" అంది. ఆయన మంచివాడు, సరేనమ్మా అని పోయాడు. మంచం మీదాయన ఇదంతా విన్నాడు. మాట పోయింది గానీ, వినికిడీ తెలివీ ఎక్కడికీ పోలేదు. ఆయన మొహం తిప్పుకుంటే జావ మళ్లీ ఆగింది.

నా వృత్తిలో మొదట నేర్పేది మనిషిని లేపడం. పడిపోయిన చెయ్యి పట్టుకుని ఎవరినీ లాగకూడదు. ఆ భుజంలో కండరం పట్టు ఉండదు, కీలు జారుతుంది, తరవాత నెలల తరబడి నొప్పి. మన ఇళ్లల్లో జరిగేది ఎక్కువగా అదే: కొడుకు సాయంత్రం ఇంటికొచ్చి, ప్రేమగానే, "లే నాయనా" అని ఆ చెయ్యే పట్టుకుని గుంజుతాడు. నడుముకు పంచె గట్టిగా చుట్టి ఆ పంచె పట్టుకుని లేపాలి. లేపే మనిషి మోకాళ్లు వంచాలి, నడుం వంచకూడదు. బేతంచెర్ల బండలు పాలిష్ పట్టించి పరిచిన ఇళ్లు మనవి, చూడ్డానికి బాగుంటాయి, తడి తగిలితే జారతాయి. బరువైన మనిషి అయితే ఇద్దరు లేపాలి. ఇద్దరు అని నేను ఎన్నిసార్లు చెప్పినా, పగటిపూట ఇంట్లో ఉండేది ఒక్కరే. ఈ మధ్య నడుం నొప్పి అని ఎవరైనా ఆడమనిషి నా దగ్గరికి వస్తే, "ఇంట్లో ఎవరమ్మా మంచాన పడింది?" అని ముందే అడుగుతున్నాను. చాలాసార్లు సరిపోతోంది.

కాలూ చెయ్యీ పడిపోవడం కంటికి కనిపిస్తుంది. కనిపించనివి ఇంటివాళ్ళను ఎక్కువ నలిపేస్తాయి. మెదడు కుడి భాగం దెబ్బతిన్న కొందరికి ఎడమ వైపు లోకమే ఉండదు, పళ్లెంలో సగం తిని సగం వదిలేస్తారు. అత్త కోడలి వంట నచ్చక వదిలిందనుకుని ఒక ఇంట్లో పెద్ద గొడవే అయింది. పళ్లెం అటు ఇటు తిప్పి పెడితే ఆవిడ మిగతాదీ తినేసింది. ఇంకొందరు చిన్న మాటకే వెక్కి వెక్కి ఏడుస్తారు, చావు కబురు విని నవ్వుతారు. అది దెబ్బ తిన్న మెదడు చేసే పని. మాట పోయినవాళ్ళలో విచిత్రం ఒకటుంది. మంచినీళ్లు కావాలని అనలేనివాళ్ళు కూడా కొందరు ఒకటి నుంచి పది దాకా అంకెలు, గోవింద నామాలు, బూతులు అనగలరు. అలవాటుగా నోటికొచ్చే మాటలు ఒక్కోసారి మిగిలిపోతాయి. జీవితంలో ఎవరినీ ఒరే అని ఎరగని మాస్టారు, ఆ జబ్బు చేశాక కోడల్ని ఒక తిట్టు తిట్టారు. అది ఆయన నోట వచ్చిందంటే శిష్యులెవరూ నమ్మరు, నేనిక్కడ చెప్పను కూడా. ఆమె వంటింట్లోకి పోయి ఏడ్చింది. ఆ తిట్టులో అర్థం లేదని, ఆయన దాహమని చెప్పబోయారని నేను వివరించాను. మర్నాడు ఆ తిట్టు వినబడగానే గ్లాసు పట్టుకొచ్చింది. ఆయన నవ్వారు. ఇలాంటివి ఎవరో ఒకరు చెప్పకపోతే తెలియవు. చెప్పకపోవడం వల్ల ఎన్ని ఇళ్లల్లో ఎన్ని మనసులు విరిగాయో.

నాటు మందుల సంగతి కూడా రావాలి. పలమనేరు వైపు ఆకు మందుకు, ఇంకెక్కడో పావురం నెత్తురుతో మర్దనకు, రెండు చోట్లా కాకపోతే మొక్కుకు పోతారు. డాక్టర్లు ఈ మాట వింటే మండిపడతారు. బీపీ మాత్రలు మానేసి పోతే నేనూ మండిపడతాను, రెండోసారి పక్షవాతం వచ్చేది అక్కడే. కానీ ఆ మందు ఇచ్చేచోట ఇంటివాళ్ళకు దొరికేదేంటో చూడండి. వాళ్ళలాంటివాళ్ళు యాభై మంది వరసలో కూర్చుని ఉంటారు. ఒకరి కష్టం ఒకరు అడుగుతారు. ఏ నూనె, ఏ పరుపు, ఎవరు పింఛను రాయించారు, అన్నీ అక్కడే తెలుస్తాయి. ఆసుపత్రిలో అలాంటి అరుగు మనం ఒక్కటి కూడా వేయలేదు.

ఇక మెచ్చుకోళ్ల దగ్గరికి వస్తాను. సుమతి కథ మీకు తెలుసు. కుష్ఠు రోగి అయిన మొగుణ్ణి భుజాన మోసుకుని, ఆయన కోరిన వేశ్య ఇంటికే తీసుకుపోయింది. దారిలో మాండవ్యుడికి తగిలి శాపం వస్తే సూర్యోదయాన్నే ఆపింది. హరికథల్లో ఈ కథ విని మన అమ్మమ్మలు కళ్లు తుడుచుకున్నారు. సూర్యుడు ఆగాడని చెప్పారు గానీ ఆమె భుజం ఏమైందో ఏ కథకుడూ చెప్పలేదు. మాస్టారి ఇంటికి పరామర్శకు వచ్చినవాళ్ళంతా అమ్మగారితో, "మీరు పుణ్యాత్ములు" అనేవారు. ఆమె కాఫీ పెట్టి తెచ్చేది. వచ్చినవాళ్ళు కాఫీ తాగి మాస్టారి గొప్పతనం గంటసేపు చెప్పుకుని పోయేవారు. ఆ గంటలో ఆమె పడుకోగలిగితే ఎంత బాగుండేది! నంద్యాలలోనే ఆర్టీసీలో చేసి రిటైరైన ఒకాయన మంచాన పడ్డ భార్యకు జడ వేయడం నేర్చుకున్నాడు, బట్టలు మార్చడం నేర్చుకున్నాడు. మంచి మనిషి, ఆయనంటే నాకు గౌరవం. వీధి వీధంతా పాపం అంటూ ఆయనకు క్యారియర్లు పంపింది. అదే వీధిలో మొగుణ్ణి చూసుకుంటున్న ఒకావిడకు ఒక్క క్యారియరూ పోలేదు. ఆమెకు అది వింతగా కూడా తోచలేదు.

ఇంటివాళ్ళకు నేర్పిస్తే చాలు, అంతా వాళ్ళే చూసుకుంటారు అని ఒక ఆలోచన ఉంది. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను, నా వృత్తిలో చాలామంది అనుకుంటారు. దాన్ని మన దేశంలోనే పెద్ద ఎత్తున పరీక్షించారు. 14 ఆసుపత్రులు, 1,250 మంది రోగులు. సగం మంది ఇళ్లల్లో ఒకరికి ఆసుపత్రిలోనే శిక్షణ మొదలుపెట్టి, ఇంటికి వెళ్లాక కూడా రెండు నెలల దాకా నేర్పించారు. మిగతా సగానికి మామూలు వైద్యమే. ఫలితాలు 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. ఆరు నెలలకు చనిపోయినవాళ్ళు, ఇతరుల మీద ఆధారపడే స్థితిలో ఉన్నవాళ్ళు కలిపి ఇటు 47 శాతం, అటూ 47 శాతమే. అంటే నర్సులూ ఫిజియోలూ చేయాల్సిన పనిని ఇంటావిడ నెత్తిన పెడితే రోగి అదనంగా కోలుకోలేదు. అయితే నేర్పడమే దండగా? అదీ కాదు. లండన్‌లో 300 మందితో చేసిన ఒక పరిశోధన 2004లో వచ్చింది. అందులో శిక్షణ పొందినవాళ్ళ మీద భారం, దిగులు తగ్గాయి. తరవాత బ్రిటన్‌లోనే 36 ఆసుపత్రుల్లో, రోగీ చూసుకునే మనిషీ కలిసిన 928 జంటలతో చేస్తే 2013 నాటికి ఆ తేడా కనిపించలేదు. ఆసుపత్రిలో ఉన్న ఆ తొలి రోజులు నేర్పడానికి సరైన సమయం కాకపోవచ్చునని ఆ పరిశోధకులే రాశారు. ఇది చదివినప్పుడు నాకు ఆళ్లగడ్డ శిల్పి భార్య గుర్తొచ్చింది. ఆసుపత్రిలో ఏం చెప్పారమ్మా అంటే, "ఏమో మేడమ్, ఏందో చెప్పిరి, నాకు చెవులకెక్కలే" అంది. మొగుడు బతుకుతాడో లేదో తెలియనప్పుడు దిండు ఎక్కడ పెట్టాలో ఎవరి చెవికెక్కుతుంది? నేర్పాల్సింది మూడు నాలుగు వారాల తరవాత, వాళ్ళ మంచం దగ్గరే, వాళ్ళ దిండుతోనే.

చూసుకునేవాళ్ళ ప్రాణం సంగతి కూడా ఒక లెక్క ఉంది. అమెరికాలో 66 ఏళ్లు దాటిన దంపతులను నాలుగేళ్లు గమనించి 1999లో ప్రచురించారు. జబ్బు మనిషిని చూసుకుంటూ ఆ పనిలో నలిగిపోతున్నామన్నవాళ్ళలో చావులు, అలా చూసుకునే పనే లేనివాళ్ళకంటే 63 శాతం ఎక్కువ. అమ్మగారు మాస్టారి కంటే ముందే పోయారు. ఇదే కారణమని నేననను, ఆమెకు షుగరుంది. ఆ ఏళ్లల్లో ఆమె షుగరు ఎవరూ చూడలేదని మాత్రం అంటాను.

ఇప్పుడు ఇంగ్లండులో ఒక పల్లెటూరి ముచ్చట. ప్యాట్రిషియా నీల్ అని ఆస్కార్ అందుకున్న నటి. 1965 ఫిబ్రవరిలో, గర్భంతో ఉండగా మెదడులో నాళం చిట్లింది. మాట పోయింది, కుడి వైపు పడిపోయింది. ఆమె భర్త రోల్డ్ డాల్, పిల్లల కథలు రాసినాయన. ఆయన ఇరుగుపొరుగును పిలిచి వంతులు వేశాడు. ఒకరు వచ్చి గంటసేపు మాట్లాడించాలి, ఇంకొకరు చదివించాలి, వేరొకరు పజిల్ ఆడించాలి. రోజూ, గంటలకొద్దీ. వచ్చినవాళ్ళెవరూ వైద్యులు కారు. డాల్ మొండివాడు, కటువైనవాడు, భార్య ఆ పద్ధతికి ఎంతో బాధపడిందని కూడా చెబుతారు. కానీ 1968 నాటికి ఆమె మళ్లీ సినిమాలో నటించింది. ఆ పొరుగువాళ్ళలో వాలెరీ ఈటన్ గ్రిఫిత్ అనే ఆవిడ ఆ అనుభవంతో పుస్తకం రాసింది, అదే పద్ధతిని వలంటీర్లతో వేరే ఊళ్లకూ తీసుకెళ్లింది.  డాల్ అడిగింది ఇరుగుపొరుగు గంటలే. మన ఊళ్లో పెళ్లికి వంద మంది గంటలు ఇస్తారు, చావుకు ఇస్తారు, తిరునాళ్లకు ఇస్తారు. మంచాన పడ్డ మనిషికి మాత్రం పళ్లు ఇస్తారు.

ప్రభుత్వం వైపు కూడా చూద్దాం. మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకు నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. ఇది చిన్న మొత్తం కాదు, ఇళ్లు నిలబడ్డాయి, నేను కళ్లారా చూశాను. దానికి వైకల్యం ఎంతో తేల్చే సదరం సర్టిఫికెట్ కావాలి, మంచం మీది మనిషిని క్యాంపు దాకా తేవడం ఇంకో యాతన. కొంచెం నడవగలిగితే 6,000 కింద లెక్క. అక్కడొక చిక్కుంది: కూర్చోబెడితే కూర్చునే మనిషికీ, ఇద్దరు పట్టుకుంటే నాలుగడుగులు వేసే మనిషికీ పక్కన ఒకరు రోజంతా ఉండాల్సిందే. ఒకటో తేదీన సచివాలయం వాళ్ళు ఇంటికే వచ్చి వేలిముద్ర తీసుకుంటారు. పడిపోయిన చెయ్యి చాలామందికి పిడికిలి బిగుసుకుపోతుంది, బొటనవేలు లోపలే ఉండిపోతుంది. దాన్ని బలవంతంగా విప్పకండి, రెండో చేతి వేలు చాలు. విప్పేది స్నానం పోసేటప్పుడు, గోరువెచ్చటి నీళ్లలో, మణికట్టు ముందుకు వంచి మెల్లగా. లోపల గోళ్లు గుచ్చుకోకుండా మెత్తటి గుడ్డ చుట్ట పెట్టండి. సచివాలయం నుంచి వచ్చేవాళ్ళకు నాదొక మనవి. వేలిముద్ర తీసుకున్నాక పక్కన నిలబడ్డ ఆవిడ బీపీ ఎవరు చూశారో కూడా అడగండి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో సంరక్షకులు అంటే ఎవరో రాశారు. జీతం తీసుకున్నా తీసుకోకపోయినా, ఇంటివాళ్ళు కూడా అందులోకి వస్తారు. ఎక్కువ ఆసరా అవసరమైనవాళ్ళకు సంరక్షణ భత్యం ఇచ్చే పథకం ఉండాలని కూడా ఆ చట్టంలోనే ఉంది. కేరళలో ఆశ్వాసకిరణం అని, మంచాన పడ్డవాళ్ళను రోజంతా చూసుకునేవాళ్ళ పేరునే నెలకు 600 రూపాయలు పెట్టారు. 600 ఏ మూలకు? డైపర్లకే చాలవు. కానీ అది ఆమె పేరున వచ్చే డబ్బు. ఆమె చేసేది పని అని ప్రభుత్వం ఒప్పుకున్నట్టు. ఆ ఒప్పుకోలు ఇక్కడా కావాలని అడుగుదాం.

అంతకంటే దగ్గరి పనులు కొన్ని ఉన్నాయి. నంద్యాలకు 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది, శాంతిరామ్ కాలేజీ ముందు నుంచే ఉంది. అక్కడికి వచ్చే పక్షవాతం రోగుల ఇంటివాళ్ళకు నెలలో ఒక రోజు, ఒక గది, ఒక మంచం, నేర్పే ఒక మనిషి ఉంటే చాలు. ఆళ్లగడ్డలో కూడా అలాంటి రోజు ఒకటి కావాలి, అక్కడివాళ్ళు ఇక్కడిదాకా రాలేరు, వస్తే మంచం దగ్గర ఎవరుంటారు? నేను వస్తాను, నాలాంటివాళ్ళు ఇంకొందరు వస్తామన్నారు. మాస్టారి శిష్యులు ఏటా ఈ సభ చేస్తామంటున్నారు, సంతోషం. దండలకూ శాలువాలకూ అయ్యే డబ్బుతో గాలి పరుపులు, చక్రాల కుర్చీలు కొని అద్దె లేకుండా ఇళ్లకు ఇవ్వొచ్చు, మనిషి లేచాకో పోయాకో వెనక్కి తెచ్చుకోవచ్చు. ఈసారి నాకు శాలువా కప్పొద్దని ముందే చెప్పాను, వినలేదు. దీన్ని కూడా ఆ లెక్కలో వేసుకోండి. ఇక వంతులు. మీ వీధిలో ఎవరి ఇంట్లో మంచం ఉందో మీకు తెలుసు. వారానికి రెండు గంటలు, చెప్పిన రోజున, చెప్పిన వేళకు వెళ్లండి. ఆ రెండు గంటలు ఆమె నిద్రపోతుందో, బ్యాంకుకు పోతుందో, సినిమాకు పోతుందో మీరు అడగొద్దు.

నా మాటలు అయిపోయాయి. టీ తాగాక పక్క గదిలోకి రండి, అక్కడ ఒక మంచం, ఒక కుర్చీ, ఒక పంచె పెట్టించాను. మనిషిని మంచం మీద నుంచి కుర్చీలోకి ఎలా దించాలో చేయించి చూపిస్తాను. రోగిగా పడుకోవడానికి నిర్వాహకుల్లో ఒకాయన ఒప్పుకున్నారు, బరువు ఎనభై కిలోల పైనే. లేపడానికి మగవాళ్ళు ముందు రండి, ఇద్దరిద్దరుగా. టీ ఈసారి మాస్టారి శిష్యులు పోస్తారు. కోడలమ్మా, నువ్వొచ్చి ముందు వరసలో కూర్చో.